ఆరోగ్యంగా ఉన్న కంటిలో రక్తప్రవాహాన్ని లేజర్‌తో కొలవడం ఎలా?

"యంత్రం 12 చూపించింది. ఇది మంచిదా, చెడ్డదా?" హైదరాబాదులో ఆప్టోమెట్రీ చదువుతూ, ప్రాజెక్టు కోసం మొదటిసారి లేజర్ స్పెకిల్ యంత్రం ముందు కూర్చున్న విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఆ ఒక్క అంకెను చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. అది ఏ కన్ను, ఏ పూట కొలిచారు, కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేశారా లేదా, ఆ సమయానికి బీపీ ఎంత, వచ్చేముందు ఏం తాగారు అన్నవి తెలిస్తేనే 12కు అర్థం వస్తుంది. యంత్రం పని నాలుగు సెకన్లలో అయిపోతుంది. కొలత బాగుంటుందా పాడవుతుందా అన్నది మాత్రం చాలావరకు దానికి ముందున్న అరగంటలోనే తేలిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో బటన్ నొక్కడం గురించి తక్కువగా, ఆ అరగంట గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది జపాన్‌లో రూపొందిన ఎల్‌ఎస్‌ఎఫ్‌జీ-నావీ తరహా యంత్రాల గురించి. ఇవి 830 నానోమీటర్ల పరారుణ లేజర్‌ను కంటి వెనుక భాగంపై పరచి, సెకనుకు 30 చిత్రాల చొప్పున సుమారు 4 సెకన్లపాటు తీస్తాయి. ఇంజెక్షన్ అక్కర్లేదు, కంటిని తాకే పనీ లేదు.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు. నునుపు లేని దేనిమీద లేజర్ పడినా వెలుగు చీకటి చుక్కలతో ఒక గరుకు నమూనా కనిపిస్తుంది. దాన్నే స్పెకిల్ అంటారు. తక్కువ శక్తి గల ఎర్ర లేజర్ పాయింటర్‌ను తెల్ల కాగితంపై వేసి పక్కనుంచి చూడండి: పాయింటరూ తలా కదలకుండా ఉంటే ఆ చుక్కలు నిలకడగా ఉంటాయి. తర్వాత గిన్నెలోని పాలపై వేయండి: చుక్కలు సలసల మరుగుతున్నట్టు కదిలి కలిసిపోతాయి. పాలలోని కణాలు కదులుతుండటమే దానికి కారణం. కంటిలో ఆ పని రక్తకణాలు చేస్తాయి. అవి ఎంత వేగంగా కదిలితే చుక్కలు అంతగా చెదిరిపోతాయి. ఆ చెదిరిపోవడాన్ని లెక్కించి యంత్రం ఇచ్చే సంఖ్యనే మీన్ బ్లర్ రేట్, పొట్టిగా ఎంబీఆర్ అంటారు. అది వేగానికి సూచిక మాత్రమే. సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లు అనో, నిమిషానికి ఇన్ని మైక్రోలీటర్లు అనో దాన్ని చదవకూడదు.

హెచ్చరిక: పాయింటర్‌ను ఎవరి కంటిలోకీ, అద్దం వంటి మెరిసే వస్తువుపైకీ వేయవద్దు. ఇంట్లో లేజర్, కెమెరా అమర్చుకుని కంటిని కొలిచే ప్రయత్నం అసలే వద్దు. మనుషుల కళ్లపై వాడటానికి అనుమతి పొందిన యంత్రంతోనే, శిక్షణ ఉన్నవారి సమక్షంలోనే ఈ పని చేయాలి.

కావలసినవి

• లేజర్ స్పెకిల్ యంత్రం, దాని విశ్లేషణ సాఫ్ట్‌వేర్
• చేతికి కట్టే బీపీ యంత్రం, సరైన కొలత పట్టీతో. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది
• కంటి ఒత్తిడి కొలిచే పరికరం. కంటిని తాకనిది లేదా చిన్న మొన తాకి వెనక్కి వచ్చే రీబౌండ్ రకం ఉంటే మంచిది
• స్లిట్ ల్యాంప్, అంటే సన్నని వెలుగు చీలిక వేసి కంటిని పెద్దదిగా చూపే పరికరం
• కంటిపాప పెద్దదయ్యే చుక్కలు, మీ పద్ధతిలో అవి ఉంటేనే
• నిల్వచేసే మందు కలపని కృత్రిమ కన్నీటి చుక్కలు
• ఎత్తు సర్దుకునే కుర్చీ, వెలుతురు తగ్గించగల నిశ్శబ్దమైన గది
• సమ్మతి పత్రం. హైదరాబాదులో పనిచేస్తున్నప్పుడు తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ ప్రతులు కూడా సిద్ధంగా ఉండాలి. తనకు రాని భాషలో ఉన్న కాగితంపై పెట్టిన సంతకం సమ్మతి కాదు

పరిశోధన కోసమైతే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదటి మనిషిని పిలవండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకూ వర్తిస్తాయి. తరగతిలోని జూనియర్లను పిలుస్తున్నప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. సీనియర్ అడిగితే కాదనలేక వచ్చేవారు ఉంటారు. వద్దంటే ఏ ఇబ్బందీ ఉండదని నోటితో కూడా చెప్పండి.

దశలు

1. "ఆరోగ్యమైన కన్ను" అంటే ఏమిటో ముందే కాగితంపై రాసుకోండి. అద్దాలతో 6/6 చూపు, పాదరసం 21 మిల్లీమీటర్లకు మించని కంటి ఒత్తిడి, స్లిట్ ల్యాంప్‌లోనూ చూపు నరం కంటి వెనుక బయల్దేరే గుండ్రని చోటైన ఆప్టిక్ డిస్క్‌లోనూ తేడా లేకపోవడం, షుగరు గానీ బీపీ గానీ లేకపోవడం, కంటికి శస్త్రచికిత్స జరగకపోవడం కనీస షరతులు. మైనస్ పవర్ బాగా ఎక్కువ ఉన్నవారిని చాలా అధ్యయనాల్లో తీసుకోరు. వారి డిస్క్ వాలుగా ఉండి, కొలతకోసం డిస్క్ చుట్టూ వేసే గీత ఎక్కడ గీయాలో తేలదు. పొగ తాగేవారిని తీసుకోవాలా వద్దా అన్నది కూడా ముందే నిర్ణయించండి. సగం పని అయ్యాక షరతులు మార్చడం మొదలుపెడితే ఆ డేటా దేనికీ పనికిరాదు.

2. పిలిచేటప్పుడే నియమాలు చెప్పండి. మా ఊరి అలవాటు ప్రకారం పరీక్షకు ముందు ఒక ఇరానీ చాయ్ తాగి రావడం మామూలే. కెఫీన్ కంటిలోని సన్నని రక్తనాళాలను కుదిస్తుంది, బీపీని కాస్త పెంచుతుంది. కొన్ని గంటల ముందునుంచి చాయ్, కాఫీ, కోలా, సిగరెట్ వద్దని స్పష్టంగా చెప్పండి. "వీలైతే తాగకండి" అంటే తాగే వస్తారు. పరుగు, జిమ్ ఆ ఉదయానికి ఆపమనండి. నీళ్లు మామూలుగా తాగి రమ్మనండి.

ఉపవాసాల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రంజాన్ నెలలో రోజా ఉన్నవారిని మధ్యాహ్నం కొలిచి, మళ్లీ పండుగ తర్వాత అదే వ్యక్తిని భోజనం చేశాక కొలిచి, రెండు అంకెల తేడాను కంటికి అంటగట్టకూడదు. ఆ నెల దాటాక రమ్మని కోరడమే అందరికీ సౌకర్యం. శివరాత్రి జాగరణ మర్నాడూ అంతే.

3. ఒకే పూట ఎంచుకోండి. బీపీ, కంటి ఒత్తిడి రెండూ రోజులో మారుతుంటాయి కాబట్టి కంటి రక్తప్రవాహమూ మారుతుంది. మొదటిసారి ఉదయం 10 గంటలకు కొలిస్తే రెండోసారీ ఆ సమయానికే కొలవండి.

4. వచ్చిన మనిషిని వెంటనే యంత్రం ముందు కూర్చోబెట్టవద్దు. మే నెల ఎండలో మెహిదీపట్నం బస్సులో నిలబడి వచ్చి, మూడంతస్తులు ఎక్కిన వ్యక్తి గుండె, బీపీ, ఒంట్లోని నీరు ఏదీ విశ్రాంతి స్థితిలో ఉండదు. కనీసం 10 నుంచి 15 నిమిషాలు, వెలుతురు తగ్గించిన గదిలో, వీపు ఆనించి కూర్చోనివ్వండి. ఫోను చూడనివ్వకండి. మినుకుమినుకుమనే వెలుగు కంటి వెనుక తెర అయిన రెటీనాలో రక్తప్రవాహాన్ని పెంచుతుందన్నది బాగా రుజువైన విషయం. ఇదే కారణంగా ఫ్లాష్‌తో తీసే ఫండస్ (కంటి వెనుక భాగం) ఫొటో కూడా ముందు తీయకూడదు, కొలతలన్నీ అయ్యాక తీయాలి.

5. చుక్కలు వేయాలా వద్దా? కంటిపాప తగినంత పెద్దగా ఉన్న యువకులలో చుక్కలు లేకుండానే మంచి చిత్రం వస్తుంది. వేయాలనుకుంటే అందరికీ వేయండి, ప్రతిసారీ వేయండి. సగం మందికి వేసి సగం మందికి వేయకపోవడం అన్నిటికన్నా చెడ్డది.

ఏ చుక్కలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మన దగ్గర మామూలుగా దొరికే "ప్లస్" రకం సీసాలో ట్రోపికమైడ్ 0.8 శాతంతోపాటు ఫినైలెఫ్రిన్ 5 శాతం ఉంటుంది. ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను కుదించే మందు, బీపీని కూడా పెంచగలదు. రక్తప్రవాహం కొలవబోతూ రక్తనాళాలను కుదించే మందు వేయడంలో అర్థం లేదు. ట్రోపికమైడ్ 1 శాతం ఒక్కటే ఉన్న సీసా తెప్పించుకోండి. వేసేముందు సీసాపై ఉన్న పేరును మీ కళ్లతో చదవండి, ట్రేలో ఉన్నది సరైనదేనని అనుకోవద్దు.

హెచ్చరిక: చుక్కలకు ముందు స్లిట్ ల్యాంప్‌లో కంటి ముందరి కోణం ఇరుకుగా ఉందేమో చూడాలి. ఇరుకుగా ఉంటే చుక్కలు వేయకండి, ఆ వ్యక్తిని కంటి డాక్టరుకు చూపించండి. చుక్కలు వేసుకున్నవారు కొన్ని గంటలు బండి నడపకూడదు. ఇది పిలిచేరోజే చెప్పాలి. బైకుపై వచ్చాక చెబితే అలాగే నడుపుకుంటూ వెళ్తారు.

6. కొలతకు ముందే బీపీ, నాడి రాసుకోండి. చుక్కలు వేస్తే, అవి పనిచేసిన తర్వాత బీపీ మళ్లీ తీయాలి.

7. కూర్చోబెట్టడం. కుర్చీ ఎత్తు సర్దాక మెడ ముందుకు సాగకుండా, భుజాలు వదులుగా, పాదాలు నేలకు ఆనేలా చూడండి. పొడగరులు యంత్రం ముందు వంగి మెడ నొక్కుకుంటారు. చొక్కా పైగుండీ, టై, బిగించిన స్కార్ఫ్ వదులు చేయమనండి. మెడలోని సిరలు నొక్కుకుంటే కంటి ఒత్తిడి పెరుగుతుంది. ఊపిరి బిగబట్టినా అంతే. "కదలకండి" అనగానే చాలామంది ఊపిరి ఆపేస్తారు. "మామూలుగా ఊపిరి తీస్తూ ఉండండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పండి.

8. కన్నీటి పొర. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగులుతుంటే దాని దిశ మార్చండి. కాంటాక్ట్ లెన్స్ తీయించండి. రెండు మూడు సార్లు రెప్ప వేయమని, ఆ తర్వాత తెరిచి ఉంచమనండి. కళ్లు పొడిగా ఉంటే ఒక చుక్క కృత్రిమ కన్నీరు వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. మసకబారిన కన్నీటి పొర గుండా వచ్చిన స్పెకిల్‌కు స్పష్టత ఉండదు.

9. పైరెప్ప డిస్క్‌ను కప్పేస్తుంటే దూదిపుల్లతో రెప్పను కనుబొమ్మ ఎముక వైపు లేపి పట్టుకోండి. వేలితో కనుగుడ్డును నొక్కవద్దు. ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ నొక్కిన క్షణంలో కంటి ఒత్తిడి పెరిగి లోపలి రక్తప్రవాహం తగ్గుతుంది, మీరు కొలిచేది మీ వేలి బలాన్ని.

10. దృష్టి లక్ష్యాన్ని చూడమని చెప్పి, డిస్క్‌ను చిత్రం మధ్యకు తెచ్చి, రక్తనాళాల అంచులు పదునుగా కనిపించేదాకా ఫోకస్ సర్దండి. తర్వాత తీయండి. మైనస్ పవర్ ఉన్నవారికి సర్దుబాటు ఎంత పెట్టారో రాసుకోండి, మరుసటిసారి అదే పెట్టాలి.

11. ఒక్కో కంటికి కనీసం 3 మంచి చిత్రాలు. మధ్యలో తల వెనక్కి తీసుకుని రెప్పలాడించనివ్వండి. ఎప్పుడూ కుడి కన్ను ముందు తీస్తే, చివరిదాకా అదే వరుస పాటించండి.

12. కంటి ఒత్తిడి చివర్లో కొలవండి. ఫ్లోరెసిన్ అనే రంగు వేసి కార్నియాను (కంటి ముందరి పారదర్శక పొరను) తాకే పద్ధతితో ముందే కొలిస్తే కన్నీటి పొర చెదిరిపోతుంది, ఆపై తీసిన చిత్రాలు మసకగా వస్తాయి.

13. సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ చుట్టూ అండాకార గీత గీయండి. గీత లోపలి భాగాన్ని సాఫ్ట్‌వేర్ పెద్ద నాళాలుగా, మిగిలిన కణజాలంగా విడదీస్తుంది. మొత్తం సగటు ఎంఏ, నాళాల సగటు ఎంవీ, కణజాలపు సగటు ఎంటీ. ఏ ప్రశ్నకు ఏది కావాలో తెలుసుకుని వాడండి. డిస్క్‌లోని సన్నని కేశనాళికల ప్రవాహం గురించి మాట్లాడాలంటే ఎంటీ. మాక్యులా (రెటీనా మధ్య భాగం) దగ్గర తీసిన విలువ ఎక్కువగా రెటీనా వెనుక ఉండే రక్తనాళాల పొర కోరాయిడ్‌దే, ఎందుకంటే 830 నానోమీటర్ల కాంతి రెటీనాను దాటి లోపలికి వెళ్తుంది. దాన్ని "రెటీనా రక్తప్రవాహం" అని రాసేవారు చాలామంది ఉన్నారు, అది తప్పు. రెండోసారి కొలిచినప్పుడు మొదటి గీతనే తెచ్చి అమర్చండి, కొత్తగా గీయకండి.

కొలత సరిగా వచ్చిందో లేదో చూడటం

మనిషి ఇంకా కుర్చీలో ఉండగానే ఇవి చూడాలి. ఇంటికి వెళ్లాక తెలిస్తే లాభం లేదు.

మొదట గుండె తరంగం. నాలుగు సెకన్ల రికార్డులో ప్రవాహం గుండె చప్పుడుతోపాటు లేచి పడుతూ కనిపిస్తుంది. నాడి నిమిషానికి 75 అయితే 4 సెకన్లలో 5 శిఖరాలు ఉండాలి. 3 మాత్రమే కనిపించాయంటే మధ్యలో రెప్ప పడింది, లేదా కన్ను పక్కకు జరిగింది. శిఖరాల మధ్య దూరాలు అస్తవ్యస్తంగా ఉంటే నాడిని చేత్తో పట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టండి. కొట్టుకోవడం నిజంగానే క్రమం తప్పుతుంటే ఆ వ్యక్తిని మీ జాబితా నుంచి తీసేసి ఫిజీషియన్ దగ్గరికి పంపండి.

తర్వాత రంగుల పటం. డిస్క్ మీది పెద్ద నాళాలు వెచ్చని రంగుల్లో, అంచులు తెగి కనిపించాలి. పటం మొత్తం ఒకేలా మబ్బుగా ఉంటే ఫోకస్ తప్పు. ఒక పక్కన చీకటి నెలవంక ఉంటే కంటిపాప అంచు అడ్డుపడింది. ఎంవీ ఎప్పుడూ ఎంటీ కన్నా బాగా ఎక్కువ ఉండాలి. రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయంటే గీత డిస్క్‌ను వదిలి పక్కకు వెళ్లిందేమో చూడండి.

మూడోది, మూడు కొలతల పొంతన. ఉదాహరణకు ఎంటీ విలువలు 11.8, 12.3, 11.5 అనుకుందాం. సగటు 11.87, ప్రామాణిక విచలనం 0.40. విచలనాన్ని సగటుతో భాగించి 100తో గుణిస్తే సుమారు 3.4 శాతం. ఆరోగ్యమైన కళ్లలో డిస్క్ కొలతలు ఇలా కొద్ది శాతం తేడాతోనే వస్తాయి. అదే 11.8, 12.3, 8.9 అయితే 16.7 శాతం. అప్పుడు సగటు తీసి ముందుకు పోవద్దు. మూడో చిత్రం తెరిచి కారణం వెతకండి, దొరికితే ఆ చిత్రాన్ని కారణంతో సహా పక్కన పెట్టి మరొకటి తీయండి. కారణం కనిపించకుండా, విలువ నచ్చలేదని మాత్రమే తీసేయకూడదు. నా వరకు 10 శాతం దాటితే మళ్లీ తీయాల్సిందే.

నాలుగోది, మీ చేతి నిలకడ. కొంతమంది వాలంటీర్లను వేరే రోజు అదే సమయానికి పిలిచి మళ్లీ కొలవండి. మీరూ మీ సహచరుడూ ఒకరి గీత ఒకరికి చూపించుకోకుండా అవే చిత్రాలపై గీతలు గీసి పోల్చండి. థీసిస్‌లో ఈ రెండు పట్టికలు ఉంటే పరీక్షకుడు అడగబోయే సగం ప్రశ్నలకు ముందే జవాబు ఉంటుంది.

పెర్ఫ్యూజన్ ఒత్తిడి లెక్క

కంటిలోకి రక్తాన్ని తోసే ఒత్తిడి ఎంతో తెలియకుండా ఎంబీఆర్‌ను వ్యాఖ్యానించలేం. కూర్చున్న స్థితిలో లెక్క ఇలా: కింది బీపీకి, పై కింది బీపీల తేడాలో మూడో వంతు కలపండి. వచ్చినదాంట్లో మూడింట రెండు వంతులు తీసుకుని కంటి ఒత్తిడిని తీసివేయండి. బీపీ 120/78, కంటి ఒత్తిడి 14 అయితే: 78 + 14 = 92. అందులో మూడింట రెండు వంతులు 61.3. దాంట్లోంచి 14 తీస్తే 47.3. ఇది పాదరసం మిల్లీమీటర్లలో. ప్రతి కొలత పక్కన ఈ సంఖ్య ఉండాలి.

తరచూ జరిగే తప్పులు

ఇద్దరు మనుషుల ఎంబీఆర్‌లను పక్కపక్కన పెట్టి "ఇతనికి రక్తప్రవాహం ఎక్కువ" అనడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కంటి వెనుక ఉన్న రంగు, కణజాలపు నిర్మాణం కాంతి వెదజల్లడాన్ని మారుస్తాయి. ఒకే కంటిలో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడటానికి ఈ పద్ధతి బలమైనది. మనిషికీ మనిషికీ పోల్చాలంటే పెద్ద సమూహాలు, వయసులు సరిపోల్చిన జాబితాలు కావాలి. జపాన్ వాలంటీర్ల సగటును తెచ్చి మన తెలుగువారి కళ్లకు ప్రమాణంగా పెట్టడమూ ఇదే కోవలోకి వస్తుంది.

వయసును మరిచిపోవడం మరొకటి. గుండె చప్పుళ్ల మధ్య ప్రవాహం ఎంత నిలకడగా ఉందో చెప్పే బ్లోఅవుట్ స్కోరు వయసుతో తగ్గుతుంది. 20 ఏళ్ల విద్యార్థులను ఒక గుంపులో, వారి తల్లిదండ్రులను మరో గుంపులో పెడితే కనిపించే తేడా వయసుదే కావచ్చు.

ఒకే వ్యక్తి రెండు కళ్లను ఇద్దరు మనుషులుగా లెక్కించడం కూడా చూస్తుంటాం. 30 మంది వస్తే మీ సంఖ్య 30, 60 కాదు. ఒక కన్ను తీసుకోండి, లేదా రెండు కళ్ల మధ్య సంబంధాన్ని లెక్కలోకి తీసుకునే గణాంక పద్ధతి వాడండి.

యంత్రం లేకపోతే?

ఓసీటీ యాంజియోగ్రఫీ (కాంతితో కంటి రక్తనాళాలను చిత్రించే పద్ధతి) మన ఊళ్లో ఎక్కువచోట్ల దొరుకుతుంది. అది రక్తనాళాలు ఎక్కడున్నాయో, ఎంత దట్టంగా ఉన్నాయో చక్కగా చూపిస్తుంది. ప్రవాహ వేగాన్ని మాత్రం కొలవదు. మీ ప్రశ్న నాళాల సాంద్రతకు సంబంధించినదైతే అది చాలు. కలర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ కంటి వెనుక పెద్ద ధమనుల్లో వేగాన్ని సెకనుకు సెంటీమీటర్లలో ఇస్తుంది, కానీ చేసేవారి నైపుణ్యంపై చాలా ఆధారపడుతుంది. ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీకి ఇంజెక్షన్ కావాలి, అరుదుగానైనా తీవ్రమైన అలర్జీ రావచ్చు. జబ్బు లేనివారిని ప్రాజెక్టు కోసం దానికి గురిచేయవద్దు.

వాలంటీరు లేచేముందు "నా కళ్లు బాగున్నాయా?" అని అడుగుతారు, అడగాలి కూడా. ఎంబీఆర్ అంకె చూపించి బాగుంది బాగాలేదు అని చెప్పకండి, దానితో జబ్బు నిర్ధారణ కాదు. చెప్పగలిగినవి బీపీ, కంటి ఒత్తిడి, చూపు. కంటి ఒత్తిడి 21 దాటినా, డిస్క్‌లో గుంట పెద్దగా కనిపించినా, బీపీ మళ్లీ కొలిచినా ఎక్కువే ఉన్నా ఆ విలువలను తేదీతో సహా ఒక కాగితంపై రాసి చేతికివ్వండి. కంటికి సంబంధించినదైతే మీ సంస్థలోని ఓపీకి గానీ, మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికి గానీ వెళ్లమని చెప్పి, వారం తర్వాత వెళ్లారో లేదో ఫోను చేసి కనుక్కోండి.